ముద్ర లేని స్పోరన్

డండీ
ఫిబ్రవరి 9

ఫార్కర్ పెదనాన్న గారికి,

నేను మార్సలీని. మీ తమ్ముడు అలస్టర్ కూతురిని. నవంబరులో నాన్న అంత్యక్రియలకు మీరు వచ్చారు. హాల్లో చివరి వరసలో నిలబడ్డారు, ఎవరో ఆవిడ మీ చెయ్యి పట్టుకుని ఉంది. జనాన్ని తప్పించుకుని నేను వచ్చేసరికి గుమ్మంలో వాన తప్ప ఎవరూ లేరు. టీకైనా ఆగాల్సింది.

మీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తరని అర్థమైంది. అందుకే కాగితం కలం పట్టాను. నా చేతిరాత బాగోదు, ఓపిక చేసుకుని చదవండి.

నేనొక తప్పు చేశాను. నాన్న ఫ్లాటు ఖాళీ చేయడానికి రెండు వారాలే గడువిచ్చారు. పగలంతా ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తాను, అదే నా ఉద్యోగం. సాయంత్రాలు వెళ్లి పెట్టెలు సర్దేదాన్ని. ఏది ఏమిటో విప్పి చూసే ఓపిక లేక పదిహేను పెట్టెలు చారిటీ షాపుకి ఇచ్చేశాను. ఆ తర్వాత ఒకరోజు నాన్న పెళ్లి ఫోటో చూస్తుంటే తట్టింది. మోకాళ్ల దాకా కట్టిన గళ్ల కిల్టు మీద నడుముకు ముందు వేలాడుతున్న తోలు సంచి, ఆ స్పోరన్, ఏదీ? పాత స్వెటర్లో చుట్టిన మూట ఒకటి చూడకుండానే పెట్టెలో పడేసినట్టు గుర్తు. షాపుకి పరిగెత్తాను. "అయ్యో, పాత తోలు సామాను కొనే ఆయన మొత్తం పట్టుకుపోయాడమ్మా! ఆన్‌లైన్‌లో అమ్ముకుంటాడట. పేరు నేను అడగలేదు" అంది అక్కడి ఆవిడ.

తన చితాభస్మం లాక్‌కారన్‌లో వాళ్ల అమ్మానాన్నల పక్కన పెట్టమని నాన్న కాగితం మీద రాసి పోయారు. జూన్ 14కి ఏర్పాటు చేశాను. మా బ్యాండులో నేను బ్యాగ్‌పైపులు వాయిస్తాను. ఆ రోజు నాన్న కిల్టు కట్టి, నాన్న స్పోరన్ పెట్టుకుని నేనే వాయించాలని నా కోరిక.

అది మీరే చేసిచ్చారని అమ్మ బతికున్నప్పుడు ఒకసారి చెప్పింది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రోజూ ఆన్‌లైన్ వేలాలు వెతుకుతున్నాను. పాత స్పోరన్లు వందల్లో ఉన్నాయి, నాకు అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. ఒకదాని ఫోటో అచ్చు తీసి దీంతో పెట్టాను. లోపల 'ఫార్కర్ మథెసన్, లాక్‌కారన్' అని ముద్ర ఉంది. ఇదేనా?

మీకూ నాన్నకూ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. మా ఇంట్లో మీ ఊరి పేరు వినిపిస్తే నాన్న రేడియో శబ్దం పెంచేవారు. అంతవరకే తెలుసు.

మీ
మార్సలీ


లాక్‌కారన్
ఫిబ్రవరి 20

మార్సలీకి,

ఉత్తరం అందింది. ఆ ఫోటోలోది మీ నాన్నది కాదు. కొనకు.

అమ్మేవాళ్లు ముందు భాగాన్నే ఫోటో తీస్తారు, ఎందుకంటే ముందు భాగాన్ని ఎవడైనా తుడిచి మెరిపించగలడు. నువ్వు వెనక వైపు అడుగు. ఏళ్ల తరబడి కిల్టు ఉన్నికి రాసుకున్న తోలు ఒక రకంగా నునుపెక్కుతుంది, ఆ నునుపుని నకిలీగా తేలేం. పట్టీ దూరే వంకీల దగ్గర చూడు. నిజంగా వాడినదైతే అక్కడ తోలు సాగి ఉంటుంది. కుట్లు దగ్గరగా ఫోటో తీసి పంపమను. చేతి కుట్టు ఒకే దారానికి రెండు చివరలా రెండు సూదులు కట్టి వేసేది. ఒక కుట్టు తెగినా పక్కది విడిపోదు. మిషన్ కుట్టు ఒకటి తెగితే మేజోడులా ఊడిపోతుంది. సముద్రపు సీలు జంతువు తోలుదైతే అనుమతి కాగితాలు అడుగు, లేవంటే ముట్టుకోకు.

వాసన ఎలా ఉందని కూడా అడుగు. మంచి తోలు తడిసిన చెట్టు బెరడులా ఉంటుంది. అడిగినందుకు వాడు నవ్వితే వాడి దగ్గర ఏమీ కొనకు.

ముద్రను మాత్రం నమ్మకు. ముద్ర వేయడానికి సుత్తి ఉంటే చాలు.

కట్టుడు పళ్లు చేస్తానన్నావు. నావి చేసినవాడెవడో గాని గుర్రాన్ని చూసి కొలత తీసుకున్నాడు.

ఫార్కర్ మథెసన్


డండీ
మార్చి 3

పెదనాన్న గారికి,

తిట్టకండి. మీ మాట వినలేదు. మీ ఉత్తరం చేరిన రోజే వేలం ముగిసిపోతోంది, మీ పేరున్న ముద్ర కళ్లెదుట కనిపిస్తోంది. కొనేశాను.

నిన్న వచ్చింది. మూత తెరిచి మీరు చెప్పినట్టు ముక్కు లోపల పెట్టాను. పెయింటు డబ్బా వాసన. కుట్టు నైలాన్ దారం, మిషన్‌ది. పక్కలు జిగురుతో అతికించారు. వంచితే తోలు మీద పొర లేస్తోంది. నాకు తోలు తెలియదు గాని, పైపై మెరుపుకీ లోపలి పనికీ తేడా తెలుసు. మా ల్యాబులో ఇలాంటి పని చేస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు.

కానీ ముద్ర నకిలీది కాదు పెదనాన్నా. అమ్మానాన్నల పెళ్లికి మీరిచ్చిన గ్రీటింగు కార్డు అమ్మ పెట్టెలో ఉంది. దాని వెనక ఇదే ముద్ర, 'క' దగ్గర చిన్న విరుపుతో సహా. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను.

మీ ముద్ర ఇలాంటి సరుకు మీదికి ఎలా వచ్చింది? మీ దగ్గర ఎవరైనా దొంగిలించారా?

మార్సలీ


లాక్‌కారన్
మార్చి 14

మార్సలీ,

ఎవరూ దొంగిలించలేదు. వేసింది నేనే.

ముప్పై ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు మా వర్క్‌షాపులో మీ నాన్నా నేనూ కాక ఇంకో ఆరుగురు పనిచేసేవారు. ఒక సైనిక బ్యాండు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. గడువులోగా చేతులతో అయ్యే పని కాదు. ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన సంచులు పెట్టెలకొద్దీ తెప్పించాను. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే అందరూ ఇంటికి భోజనానికి వెళ్లిన వేళ ముద్రలు కొట్టాను. అందులో ఒకటి ఇన్నేళ్లకి నీ చేతికొచ్చింది. ఆ సరుకు చూడటానికి వచ్చిన అధికారి మీ నాన్నని అడిగాడు: "ఇవి మీ చేతి కుట్టేనా?" మీ నాన్న "కాదండీ" అన్నాడు. ఆర్డరు పోయింది. వర్క్‌షాపు మూతపడింది. ఆ ఏడాదే మీ నాన్న ఊరు వదిలాడు.

ఇక నువ్వు వెతికేదాని సంగతి. దాని మీద ముద్ర ఉండదు. సొంత తమ్ముడి పెళ్లికి చేసిచ్చేదాని మీద పేరేమిటని వేయలేదు. గోధుమరంగు ఆవు తోలు, మూడు కుచ్చులు, మూత మీద ముడుల అల్లిక చెక్కడం. నేను ఎడమచేతివాణ్ని కాబట్టి కుట్లు మిగతావాళ్లవాటికి ఎదురు దిక్కున వాలి ఉంటాయి. చెక్కడంలో ఎడమ నుంచి మూడో ముడి తప్పు. కింద నుంచి పోవాల్సిన పాయ పైనుంచి పోయింది. పాడైందని పారేయబోతుంటే మీ నాన్న లాక్కున్నాడు. "ఇదే కావాలి నాకు. నువ్వు తప్పు చేశావనడానికి సాక్ష్యం ఇదొక్కటే దొరికింది" అని వర్క్‌షాపంతా తిరిగి అందరికీ చూపించాడు.

ఇంతకంటే రాయలేను.

ఫార్కర్


డండీ
మార్చి 23

పెదనాన్నా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాన్న మీతో మాట్లాడకపోవడానికి కారణం ఇదా? నిజం చెప్పినందుకు మీరు కోప్పడి ఉంటారు, అంతేనా? అయితే నలభై ఏళ్లు పట్టే కోపమా అది? సరే, రాయలేనన్నారు, అడగను.

అసలు విషయం. దొరికిందనుకుంటున్నాను! పెర్త్‌లో ఒకాయన వేలానికి పెట్టాడు. ముద్ర లేదు, కుట్లు ఎటు వాలాయో ఫోటోలో తెలియడం లేదు. గోధుమరంగు. మూడు కుచ్చుల్లో ఒకటి సగం ఊడింది, వెనక వంకీ చిరిగింది. వాసన అడిగితే నవ్వలేదు. "మా తాతగారి గుర్రపు జీనులా ఉందండీ" అని రాశాడు. మూత ఫోటో పెద్దదిగా అచ్చు తీయించి పంపుతున్నాను. మూడో ముడి నా కంటికి తేడాగానే ఉంది, కానీ అరగంట చూస్తే అన్ని ముడులూ తేడాగానే కనిపిస్తున్నాయి. పాయలు లెక్కపెట్టి లెక్కపెట్టి బస్సు దిగాల్సిన చోటు కూడా దాటిపోయాను.

చెక్కినవారు మీరు. మీరు ఒక్కసారి చూస్తే చాలు. వేలం 31న ముగుస్తుంది. మీరు ఔనంటే ఎంతైనా పాడతాను. కాదంటే వదిలేస్తాను. ఈసారి మీ మాట జవదాటను.

మీ
మార్సలీ


లాక్‌కారన్
మార్చి 27

మార్సలీ,

ఇది కాదు. మూడో ముడి సరిగానే ఉంది, మిగతావాటిలాగే. వదిలెయ్.

ఫార్కర్


డండీ
ఏప్రిల్ 12

ఫార్కర్ మథెసన్ గారికి,

మీరు చెప్పినట్టే వదిలేశాను. 31న ఎవరో కొనుక్కున్నారు.

నిన్న పెర్త్ ఆయన నాకు రాశాడు. పార్సిల్ కడుతుంటే అస్తరు కింద చిన్న అరలో మడిచిన కార్డు దొరికిందట. ఈ స్పోరన్ గురించి అంత వివరంగా అడిగారు కదా, మీకేమైనా తెలుసేమోనని దాని ఫోటో పంపాడు. డండీ బ్యాండు సభ్యత్వ కార్డు. అలస్టర్ మథెసన్ అని నాన్న పేరు, నాన్న సంతకం.

ఫోటో మళ్లీ తీసి చూశాను. మా ల్యాబులో పనిచేసే అమ్మాయికి చూపించాను. ఆమె పది సెకన్లలో వేలు పెట్టింది: "ఇదిగో ఇక్కడ, ఇది పైనుంచి పోయింది."

చెక్కినవారికి కనిపించలేదా? తన తప్పు తనకి తెలియకుండా పోతుందా? మీకు అది దొరకడం ఇష్టం లేదు. అదొక్కటే నాకు తోస్తోంది. నాన్న ఒక నిజం చెప్పినందుకు ఆయన పోయాక కూడా మీకు కసి తీరలేదు.

జూన్ 14న మేం వస్తాం. శ్మశానం ఊరందరిది కాబట్టి రావద్దని అనలేను. వచ్చినా నాతో మాట్లాడకండి.

మార్సలీ మథెసన్


లాక్‌కారన్
ఏప్రిల్ 20

మార్సలీ

నాకు కళ్లు
కనిపించవు

ఇది నా చేతి రాత


(పై మూడు లైన్లూ ఆయన స్వయంగా రాశారు, నాలుగు కాగితాలు పాడుచేసి. ఇక్కడి నుంచి ఆయన చెప్పేది నేను రాస్తున్నాను. ఇదివరకటివి కూడా నేనే రాశాను. నా పేరు జెస్సీయాన్, పక్కింటిదాన్ని, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. అంత్యక్రియల్లో చెయ్యి పట్టుకున్నది నేనే.)

అమ్మాయీ,

మూడేళ్లుగా అంతే. మధ్యలో మసక, అంచుల్లో కొంచెం వెలుతురు. మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. నీ ఉత్తరాలు జెస్సీయాన్ చదివి వినిపిస్తుంది. ఫోటోలు కూడా ఆమే చూసి చెబుతుంది. మూడో ముడి ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉంది, చక్కగా ఉంది" అంది. ఆమె తప్పు లేదు. ఏది పైన పోవాలో, ఏది కింద పోవాలో ఆమెకేం తెలుసు? 'నాకు కనిపించదు, ఇంకెవరికైనా చూపించు' అని ఒక్క ముక్క రాయిస్తే సరిపోయేది. రాయించలేకపోయాను. ఇన్నేళ్ల తర్వాత అలస్టర్ కూతురు నన్ను ఒకటి అడిగింది. చేతకాదని చెప్పబుద్ధి కాలేదు. 

నాకు కసి లేదు. ఉండటానికి నాకు హక్కు లేదు.

ఆ కొన్నవాళ్లెవరో కనుక్కోవడం కుదురుతుందేమో చూడు.

ఫార్కర్

(చక్కగా ఉందని అన్నది నిజమేనమ్మా. చక్కగానే ఉంది మరి. రెండు రోజులుగా నాకు అన్నం సయించలేదు. జె.)


డండీ
మే 2

పెదనాన్నా, జెస్సీయాన్ గారూ,

మీరిద్దరూ కలిసి చదువుతారు కాబట్టి ఇద్దరికీ.

ఆ మూడు లైన్లు చూసి చాలాసేపు ల్యాబులో అలాగే కూర్చున్నాను. పోయిన ఉత్తరంలో రాసినదానికి సిగ్గుపడుతున్నాను. కానీ పూర్తిగా చల్లారానని అబద్ధం చెప్పను. మీరు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. జెస్సీయాన్ గారూ, మీరు దయచేసి భోజనం చేయండి. ముడి సంగతి మీకెలా తెలుస్తుంది?

కొన్నాయన దొరికాడు. పెర్త్ ఆయన నా ఉత్తరాన్ని అటు పంపాడు, అతను నాకు ఫోన్ చేశాడు. పేరు ఆసిమ్ మాలిక్. గ్రీనక్‌లో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆగస్టులో పెళ్లి. "మా నాన్న పెళ్లిలో అద్దె కిల్టు కట్టాడట, మా అమ్మ ఇప్పటికీ ఆ ఫోటో చూసి నవ్వుతుంది. నేను మాత్రం అద్దెది పెట్టుకోను, పాతదైనా అసలైనదే కావాలని మూడు నెలలు వెతికానండీ" అన్నాడు. నా కథంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత అన్నాడు: "మీ నాన్నగారిది నేను పెట్టుకుని ఫోటో ఎలా దిగుతానండీ? మీరే తీసుకోండి. కాకపోతే నాకు ఇంకోటి వెతికి పెట్టాలి. చూడటం మీకు బాగా వచ్చినట్టుంది."

ఒప్పుకున్నాను. నాకిప్పుడు ఫోటో చూస్తే చాలు, జిగురు ఎక్కడుందో తెలిసిపోతోంది. స్టర్లింగ్ దగ్గర ఒకామె అమ్ముతున్నది చూసి పెట్టాను, అతనికి నచ్చింది.

నాన్నది తిన్నగా మీ దగ్గరికే పంపమన్నాను. వంకీ చిరిగింది, కుచ్చు ఊడింది. మీ చేతులతో బాగుచేయగలరా? లేకపోయినా పర్వాలేదు. ముందు మీ చేతికి రావాలి.

మీ
మార్సలీ


లాక్‌కారన్
మే 19

అమ్మాయీ,

వచ్చింది. జెస్సీయాన్ పార్సిల్ విప్పి ఒళ్లో పెట్టింది.

ఫోటోలు పంపావు, వాసనలు అడిగించావు, అవన్నీ ఎందుకు? నా బొటనవేలు వెనక కుట్ల మీద నాలుగంగుళాలు నడిచిందో లేదో, తెలిసిపోయింది. పెళ్లికి పది రోజుల ముందు కుట్టాను. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే మీ నాన్న పొయ్యి దగ్గర కూర్చుని దారానికి మైనం పూసి ఇచ్చేవాడు. "తొందరగా కానీ అన్నయ్యా, పెళ్లికూతురు ముసలిదైపోతోంది" అనేవాడు. మూడో ముడి మీద వేలు పెట్టాను. ఉంది.

ఇంకోటి కూడా ఉంది. ఇది నీకు చెప్పి తీరాలి. తోలుని పట్టించుకోకుండా ఇన్నేళ్లు పెట్టెలో పడేస్తే ఎండి, పగిలి, చేతిలో పెంకులా విరిగిపోతుంది. ఇది మెత్తగా ఉంది. మడత పెడితే వంగుతోంది. అతుకుల సందుల్లోకి వేలు పెడితే నూనె మైనం తగిలింది, పొర మీద పొర. ఎవరో ఏటా తీసి, తుడిచి, నూనె పట్టించి మళ్లీ దాచారు. నువ్వు కాదు. మీ అమ్మ కాదు. అంటే ముప్పై ఎనిమిదిసార్లు.

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జెస్సీయాన్ టీ రెండుసార్లు వేడి చేసింది.

అందుకే ఇప్పుడు మిగతాది కూడా చెబుతున్నాను. మార్చిలో రాసినది సగమే. నువ్వు అడిగావు, నలభై ఏళ్లు పట్టే కోపమా అని. ఆర్డరు పోయినప్పుడు ఆరుగురికి పని పోయింది. ఈ ఊళ్లో ఆరు కుటుంబాలంటే ఎంతో నీకు తెలియదు. వాళ్లు వర్క్‌షాపు ముందుకొచ్చి ఏం జరిగిందని అడిగారు. నేను అన్నాను: "అలస్టర్ అసూయతో అబద్ధం చెప్పి చెడగొట్టాడు. అన్నీ మన చేతి పనే." ఆ మాట అన్నప్పుడు మీ నాన్న నా పక్కనే ఉన్నాడు. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. వాడు ఏమీ అనలేదు. నిజం బయటపెడితే నేను జైలుకి పోతానని వాడికి తెలుసు. ఆ తర్వాత దుకాణంలో వాడికి పాలు అమ్మినవాడు లేడు. చర్చిలో వాడి పక్కన కూర్చున్నవాడు లేడు. మీ అమ్మ కడుపుతో ఉంది, నువ్వే. ఇద్దరూ బస్సెక్కి వెళ్లిపోయారు.

ఈ ఊరు ఇప్పటికీ అదే నమ్ముతోంది.

వంకీ, కుచ్చు బాగుచేసి నీకు పంపుతున్నాను. సూది జెస్సీయాన్ ఎక్కించింది, కుట్టింది నేనే.

ఫార్కర్

(మార్చిలో ఆ ఉత్తరం రాస్తున్నప్పుడే నిజం మొదటిసారి విన్నాను. అప్పటిదాకా నేనూ నమ్మినదాన్నే. మీ అమ్మకి పోస్టాఫీసులో స్టాంపులు విసిరేసినట్టు ఇచ్చాను ఒకసారి. జె.)


డండీ
మే 27

పెదనాన్నా,

ఉత్తరం, పార్సిల్ అందాయి. కుట్టు ఎక్కడ పాతదో, ఎక్కడ కొత్తదో నాకు తెలియలేదు.

మీ మీద అరవాలని రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. అమ్మ ఈ ఊరి దుకాణాల్లో కూడా లోపలికి వెళ్లేముందు ఒక్క క్షణం గుమ్మంలో ఆగేది. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. ఇప్పుడు అర్థమైంది.

14న పదకొండు గంటలకు. ఏం చేయాలో మీకు నేను చెప్పను.

మార్సలీ


లాక్‌కారన్
జూన్ 17

అమ్మాయీ,

నువ్వు ఆ సాయంత్రమే వెళ్లిపోవాల్సి వచ్చింది. మనం మాట్లాడుకోలేదు. నువ్వు వాయించినప్పుడు గాలి సముద్రం వైపు నుంచి ఉంది, అయినా ఒక్క స్వరం చెదరలేదు. మీ నాన్న వాయిస్తే చివర్లో ఎప్పుడూ తొందరపడేవాడు. నువ్వు పడలేదు.

పాస్టరు ప్రార్థన అయ్యాక నేను ముందుకొచ్చి చెప్పాలనుకున్నది చెప్పాను. ఎంతమంది ఉన్నారో కూడా నాకు తెలియదు. "నా తమ్ముడు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. మీ పని పోగొట్టింది నేను. వాడిని ఊళ్లోంచి వెళ్లగొట్టింది కూడా నేనే, మీ చేత." అన్నాను కదా? అలాగే అన్నానా? జెస్సీయాన్ ఔనంటోంది.

తర్వాత ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. గాలి. కాసేపటికి కంకర మీద అడుగుల చప్పుడు. చాలా అడుగులు. అందరూ వెళ్లిపోతున్నారని అర్థమైంది. జెస్సీయాన్ నన్ను కారు దాకా నడిపించింది. ఏమైంది, ఎవరేమన్నారని అడిగితే "అంతా బాగానే ఉంది" అంటోంది. ఆ మూడో ముడి కూడా బాగానే ఉందని చెప్పిన మనిషి ఈమె.

నువ్వు చెప్పు. నాకు కనిపించనిది నీకు కనిపించింది. తీపి పూయకుండా చెప్పు, భరించగలను.

ఫార్కర్

(నేను ఏడుస్తూ ఉన్నాను, నాకేం కనిపిస్తుంది? ఆయన అర్థం చేసుకోరు. జె.)


డండీ
జూన్ 22

పెదనాన్నా,

జెస్సీయాన్ గారు దీన్ని తొందర లేకుండా చదవాలి. మధ్యలో ఆపకూడదు.

మీరు అలాగే అన్నారు. ఒక్క మాట తక్కువ కాలేదు.

మీరు మొదలుపెట్టినప్పుడు నలభై మంది దాకా ఉన్నారు. సగం మంది నాన్న కోసం కాదు, నన్ను చూడటానికి వచ్చారు. ఆయన కూతురు ఎలా ఉంటుందో చూద్దామని. నా పక్కన పొడుగాటి ముసలాయన నిలబడ్డారు. తర్వాత తెలిసింది, డంకీ మెక్‌రే, మీ దగ్గర తోలు కోసేవారట. మీరు "చెప్పింది నేను" అనగానే ఆయన టోపీ తలమీద పెట్టుకుని గేటు వైపు నడిచిపోయారు. గేటు దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. చివరిదాకా ఇటు తిరగలేదు. ఆయనతో పాటు ఇంకో ఇద్దరు వెళ్లారు. అది నిజం, దాచను.

మీరు ముగించాక చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి కూడా ఇష్టపడలేదు. మీ మీద కోపం ఉంది కొందరి ముఖాల్లో. కానీ ఎక్కువమంది నేల చూస్తున్నారు. పాలు అమ్మనివాళ్లు వాళ్లే కదా. పక్కన కూర్చోనివాళ్లు వాళ్లే. ఇన్నేళ్లూ మీ ఒక్కరి మాట మీద నిలబడి ఉన్నారు, అది కాలికింద నుంచి లాగేశారు మీరు.

ముందు కదిలింది డంకీ గారి భార్య రోడా. మొగుడు గేటు దగ్గర ఉండగానే ఆవిడ ఇటు వచ్చింది. మోకాళ్లు సహకరించక నా చెయ్యి పట్టుకుని వంగి, గుప్పెడు మట్టి తీసి నాన్న మీద వేసింది. "ఒక్క ఉత్తరమైనా రాయాల్సింది అలస్టర్‌కి. మా అబ్బాయికి మొట్టమొదట పైపులు పట్టుకోవడం నేర్పింది అతనే" అంది. నాతో కాదు, గోతి వైపు చూసి. ఆవిడ వెనక ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. వరస కట్టారు. ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. ఒకాయన "క్షమించవోయ్" అన్నాడు, నిన్న కాలు తొక్కినంత మామూలుగా. ఇంకొకావిడ అమ్మ పేరు అడిగింది. చెప్పాను. ఆ పేరు తనకు తెలుసని, తెలియనట్టు ఇన్నేళ్లు ఉన్నానని అంది.

వాళ్లంతా మిమ్మల్ని దాటుకునే వచ్చారు. ఎవరూ మీతో మాట్లాడలేదు, మీ భుజం మీద చెయ్యి వేయలేదు. నేనూ వేయలేదు. మీరు రెండు గజాల దూరంలో కర్ర మీద బరువు వేసి నిలబడి ఉన్నారు, గాలికి మీ కోటు ఎగురుతోంది. వెళ్లి పట్టుకోవాలనిపించింది. కానీ అమ్మ గుమ్మంలో ఆగడం గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ పూట నా వల్ల కాలేదు పెదనాన్నా.

జులై మొదటి శనివారం వస్తున్నాను. రెండు రోజులుంటాను. మీ పళ్ల కొలతలు తీసుకునే సామాను తెస్తాను, వద్దనకండి. డంకీ గారింటికి మీరు వెళ్లాలనుకుంటే నేను తీసుకెళతాను. ఆయన తలుపు తీస్తారో లేదో తెలియదు.

ఒక్కటి మాత్రం మీరు తప్పుగా విన్నారు. కంకర మీద అడుగుల చప్పుడు అన్నారు కదా, అందరూ వెళ్లిపోతున్నారని. వెళ్లిపోయింది ముగ్గురు. మిగతా అడుగులన్నీ నాన్న దగ్గరికి వచ్చినవి.

మీ తమ్ముడి కూతురు
మార్సలీ